మూడు పట్టిన బంతులు

పదకొండేళ్ళుగా ఆమె బాస్కెట్‌బాల్ ఆటల్లో పనిచేస్తోంది. ఒక్క ఆట కూడా చూడలేదు.

ఈ మాట చెబితే జనం నవ్వుతారు. నవ్వడానికేం లేదు, పని అలాంటిది. కోర్టు పక్కన పొడుగాటి బల్ల, బల్ల చివర రెండు కుర్చీలు. మొదటి కుర్చీలో కూర్చున్న మనిషి ఆట మీంచి చూపు తిప్పకూడదు. రెండో కుర్చీలో కూర్చున్న మనిషి కంప్యూటర్ మీంచి చూపు తిప్పకూడదు. మొదటివాళ్ళు చూసింది చెబుతారు, రెండోవాళ్ళు విన్నది కొడతారు. "ఏడు, షాట్, పోయింది. పన్నెండు, రీబౌండ్." అంతే. రీబౌండ్ అంటే బ్రహ్మవిద్యేం కాదు, రింగులో పడకుండా వెనక్కొచ్చిన బంతిని ఎవడు పట్టుకుంటే వాడి పేరున ఒకటి పడుతుంది. చూసేవాళ్ళు తల దించితే ఒక బంతి పోతుంది. కొట్టేవాళ్ళు తల ఎత్తితే రెండు పోతాయి. అందుకే మొదటి కుర్చీని 'కళ్ళు' అంటారు, రెండోదాన్ని 'వేళ్ళు' అంటారు. కుర్చీల పేర్లే మనుషులకీ అతుక్కుపోయాయి. ఆమె వేళ్ళు.

కళ్ళు ఆమెకి సొంత పెదనాన్న. ఇరవై రెండేళ్ళుగా ఆ కుర్చీ ఆయనదే. తమ్ముడి కూతురు టైపు నేర్చుకుని ఇంట్లో ఈగలు తోలుకుంటోందని తీసుకొచ్చి పక్క కుర్చీలో పడేశాడు. మొదటిరోజు చెప్పిన పాఠం మూడు ముక్కలు. "అమ్మాయ్, నేను చెప్పింది కొట్టు. నేను చెప్పంది కొట్టకు. నేను చూడంది చెప్పను."

ఆ పాఠంతోనే పదకొండేళ్ళు గడిచాయి. ఆటగాళ్ళంతా ఆమెకి అంకెలు, కాకపోతే బూట్లు. బల్ల ముందు నుంచి నడిచి వెళితే కంప్యూటర్ కింద నుంచి బూట్లు కనబడతాయి. ఎనిమిదో నంబరువాడు హీరో. వాడి బూట్లు రెండు వారాలకోసారి మారతాయి. మూడో నంబరువాడి ఎడమ బూటు మూతి నల్లదారంతో కుట్టి ఉంటుంది, ఏడాదంతా అదే బూటు. మూడు అంటే పొట్టిగా, బక్కగా, ఊదితే పడిపోయేవాడని ఆమె అనుకునేది. ఆటకి నాలుగైదు రీబౌండ్లు పట్టేవాడు ఇంకెలా ఉంటాడు?

ఆ ఆదివారం మధ్యాహ్నం సీజనులో ఆఖరి ఆట. పెదనాన్న చొక్కా గుండీలు ఒకటి ఎక్కువై ఒకటి తక్కువై వచ్చాడు. వస్తూ వస్తూ, గుమ్మం పక్కన మేకుకి తగిలించిన రిఫరీ కోటుని "బాగున్నారా?" అని పలకరించాడు. కోటు జవాబు చెప్పలేదు. "ఈమధ్య అందరికీ పొగరెక్కింది" అని గొణుక్కుంటూ వచ్చి కూర్చున్నాడు.

ఆమె విన్నది. నవ్వుకుంది. ఆలోచించలేదు. ఆలోచించాల్సిందే అప్పుడు.

ఆటకి పావుగంట ముందు జట్టు మేనేజరు బల్ల దగ్గరికి వచ్చాడు, వెనకాలే కుట్టిన బూటు. మేనేజరు చేతిలో షీట్ల కట్ట. ఆయన మనిషిని చూసి మాట్లాడడు, షీటు చూసి మాట్లాడతాడు.

"ఇరవై ఏడు ఆటలు. నూట ముప్పై ఒక్క రీబౌండ్లు" అన్నాడు షీటుతో. "సగటు అయిదుకి తగ్గితే వచ్చే సీజను చొక్కా ఇవ్వం. అందరికీ ఒకటే రూలు. ఇవాళ తొమ్మిది పడితే సరిగ్గా అయిదు. ఎనిమిది పడితే ఇంటికి."

"సార్, నేను ఎక్కువే పట్టానండీ." గొంతు బొంగురుగా ఉంది.

"షీట్లో లేదుగా."

"షీట్లో లేదనే చెబుతున్నానండీ."

"లేనిదాన్ని నేనెలా చూడను నాయనా?" అన్నాడు మేనేజరు. నిజంగానే అడిగాడు, ఎగతాళి కాదు. బూట్లు వెళ్ళిపోయాయి.

ఇక్కడొక సంగతి చెప్పకుండా ముందుకెళ్ళడం కుదరదు. షీట్లో పాయింట్లు తప్పు పడవు, ఎవరు వేశారో మైకులో అరుస్తారు. ఫౌళ్ళు తప్పు పడవు, రిఫరీ బల్ల దగ్గరికొచ్చి వేళ్ళతో నంబరు చూపిస్తాడు. రీబౌండ్లకి మైకు లేదు, రిఫరీ వేళ్ళు లేవు. దానికి దిక్కు కళ్ళొక్కటే. అంటే ఏమిటి? మనిషి చేసిన తప్పుకి ఇద్దరు సాక్షులు. పట్టిన బంతికి ఒక్కడు. వాడు చూస్తే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు.

ఆట మొదలైంది. మొదటి క్వార్టర్ మామూలుగా గడిచింది. "ఎనిమిది, రీబౌండ్. ఎనిమిది, షాట్, పడింది. మూడు, ఫౌల్. ఎనిమిది, రీబౌండ్." ఆమె వేళ్ళు ఆడుతున్నాయి, మనసు ఇంట్లో పొయ్యి కట్టేశానా లేదా అని ఆలోచిస్తోంది. క్వార్టర్ అయ్యేసరికి షీట్లో హీరోకి అయిదు రీబౌండ్లు, మూడుకి ఒకటి.

రెండో క్వార్టర్ మధ్యలో రెండు ఫౌళ్ళయ్యాయని హీరోని బయటికి లాగి బెంచి మీద కూర్చోబెట్టారు. ఆమె కంప్యూటర్లో ఎనిమిదిని తీసేసి పదిహేనుని పెట్టింది. రింగు టంగుమంది. జనం ఓహ్ అన్నారు.

"ఎనిమిది, రీబౌండ్" అన్నాడు పెదనాన్న.

కొట్టింది. కంప్యూటర్ కీచుమంది. తెర మీద ఎర్రగా రాసింది: ఆటగాడు కోర్టులో లేడు.

"ఎవరూ?" అంది.

"ఎనిమిదే. చెవుడా?"

"ఎనిమిది బెంచి మీదున్నాడు పెదనాన్నా."

ఆయన, సంచిలో చెయ్యిపెట్టి చేతికందింది తీసినట్టు, "మూడు" అన్నాడు.

మూడు కొట్టింది. కొట్టి, పదకొండేళ్ళలో మొదటిసారి తల ఎత్తింది.

ముందు ఆమెకి వెలుతురు కనబడింది, తరవాత పది మంది. తరవాత మూడు. పొట్టి కాదు, బక్క కాదు. తలుపంత మనిషి. కుడిచేతి నాలుగు వేళ్ళకీ తెల్లటి పట్టీలు, కుట్టిన బూటు. బంతి రింగుకి తగిలిందంటే వాడు అక్కడున్నాడు. ఒకడి మోచెయ్యి మెడలో పడినా వాడు అక్కడే ఉన్నాడు. కాసేపటికి హీరో మళ్ళీ లోపలికొచ్చాడు. బంతి వెనక్కొచ్చింది. ఇద్దరు ముగ్గురు ఎగిరారు. పట్టీల చెయ్యి దాన్ని లాగేసుకుంది.

"ఎనిమిది, రీబౌండ్" అన్నాడు పెదనాన్న నింపాదిగా.

"మూడు కాదూ?"

"నీ పని నువ్వు చూసుకో."

ఆమె ఎనిమిదే కొట్టింది. విన్నది కొట్టాలి, అది రూలు. పర్సులోంచి బస్ టికెట్ తీసి దాని వెనకాల పెన్సిల్‌తో చిన్న గీత గీసింది.

ఆట సగంలో విరామం. హాలు వెనక వరండాలో మంచినీళ్ళ కుళాయి ఉంది. పెదనాన్న గ్లాసు కింద పెట్టి కుళాయి తిప్పాడు. నీళ్ళు గ్లాసు పక్కన పడుతున్నాయి. ఆయన మాత్రం గ్లాసు నిండేవరకూ ఆగాలన్నట్టు ఓపిగ్గా నిలబడ్డాడు. ఆమె గ్లాసుని రెండు అంగుళాలు జరిపింది.

"ఎప్పటినుంచి?" అంది.

"ఏది?"

"పెదనాన్నా."

ఆయన నీళ్ళు తాగాడు. మూతి తుడుచుకున్నాడు. "పొరలే. రెండు కళ్ళకీ. డాక్టరు సోమవారం రమ్మన్నాడు. ఇవాళొక్క ఆట అయిపోతే ఏ గొడవా లేదు. పొరలు తీయించుకుని వచ్చే సీజనుకి కుర్రాడిలా కూర్చుంటా."

"పెద్దమ్మకి తెలుసా?"

"దానికి చెబితే ఊరికి చెప్పినట్టే."

"మరి ఇన్నాళ్ళూ ఎలా చెప్పావు?"

"ఇదివరకు బాగానే కనబడేది. మధ్యలో ఈ దిక్కుమాలిన చొక్కాలు మార్చారుగా. అంకెలకి కొసలు మెలితిప్పారు, జిలేబీ చుట్టల్లాగా. మూడేదో ఎనిమిదేదో బ్రహ్మదేవుడు చెప్పాలి."

"కనబడకపోతే?"

"కనబడకపోతే బుర్ర లేదూ? ఇరవై రెండేళ్ళు చూశాను. ఎక్కువ పట్టేవాడెవడో నాకు తెలీదా? వాడికే వేస్తాను. నూటికి తొంభైసార్లు అదే నిజం అవుతుంది."

"వాడు ఎక్కువ పడతాడని ఎవరు చెప్పారు?"

"షీటు చెబుతోంది."

"షీటు రాసింది ఎవరు?"

పెదనాన్న గ్లాసు కింద పెట్టబోయాడు. ఆమె అందుకుంది, లేకపోతే అది గాల్లో పెట్టినట్టే.

ఉన్నవాడికి ఊరంతా చుట్టాలే అంటారు. చూపు ఆనని ముసలాయన కూడా వాడి చుట్టమే అయ్యాడు. ఇందులో కుట్ర లేదు, లంచం లేదు, ఎవరి మీదా పగ లేదు. అనుమానం వచ్చినప్పుడల్లా ఉన్నవాడి పేరు నోటికొచ్చింది, అంతే. లోకంలో చాలా దోపిడీలు ఇలాగే జరుగుతాయి, దోచినవాడికి కూడా తెలీకుండా. సొమ్మొకడిది, సోకొకడిది.

"వాడికి ఇవాళ తొమ్మిది కావాలి" అంది ఆమె. "విన్నావుగా. తొమ్మిది పడకపోతే ఇంటికే."

"విన్నాను."

"మరి?"

"కనబడటం లేదని ఇప్పుడు చెబితే నన్ను పంపేస్తారు. చూడంది చెప్పినవాడికి మళ్ళీ కుర్చీ లేదు. ఆ రూలు పెట్టించిందే నేను, పన్నెండేళ్ళ కిందట." ఆ మాటలో ఇంకా కాస్త గర్వం ఉంది. "కందకు లేని దురద కత్తిపీటకెందుకే? వాణ్ణే వచ్చి అడగమను."

"వాడు అడిగితే షీటు చూపిస్తున్నారు."

గంట మోగింది. ఇద్దరూ వెళ్ళి కూర్చున్నారు.

రెండో సగమంతా ఆమె రెండు ఉద్యోగాలు చేసింది. చెవితో విని వేళ్ళతో కొట్టింది, కళ్ళతో చూసి బస్ టికెట్ మీద గీసింది. మూడో క్వార్టర్లో రెండు గీతలు. పెదనాన్న రెండుసార్లు సరిగ్గానే "మూడు" అన్నాడు, రెండుసార్లూ కాస్త ఆశ్చర్యంగా. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళంటారు కదా, ఈయన కుందేలుకి ఎనిమిది కాళ్ళు.

ఆట మాత్రం గొంతుమీద కత్తిలా సాగింది. ఒకరు రెండు వేస్తే ఇంకొకరు రెండు. ఆఖరి తొమ్మిది సెకన్లు మిగిలేసరికి అవతలివాళ్ళు ఎనభై, మనవాళ్ళు డెబ్భైతొమ్మిది. బంతి హీరో చేతిలో ఉంది. హాలంతా లేచి నిలబడింది. ఆమె కూడా నిలబడేది, పెదనాన్న మోచేత్తో పొడిచాడు.

హీరో వేశాడు. రింగుకి తగిలి వెనక్కొచ్చింది. కింద నలుగురు కుప్పగా పడ్డారు. ఆ కుప్పలోంచి, నేలకి ఆనుకుని, ఒక చెయ్యి బంతిని బయటికి తోసింది. హీరో అందుకున్నాడు, ఎగిరాడు, వేశాడు. బజర్ మోగింది. ఎనభై ఒకటి, ఎనభై.

జనం పూనకం వచ్చినట్టు అరుస్తున్నారు. ఆ అరుపుల మధ్య పెదనాన్న ఆమె చెవి దగ్గర ప్రశాంతంగా చెప్పాడు. "ఎనిమిది, షాట్, పోయింది. ఎనిమిది, రీబౌండ్. ఎనిమిది, షాట్, పడింది."

ఆ లెక్కన హీరో బంతి వేశాడు, తనే పరిగెత్తి కుప్ప కింద పడి తనే పట్టుకున్నాడు, పడుకునే తనకి తనే ఇచ్చుకున్నాడు, లేచి నిలబడి వేశాడు. షీటుకి ఇందులో వింతేమీ కనబడలేదు. ఆమె కొట్టింది. టికెట్ మీద నాలుగో గీత గీసింది.

షీటు తెర మీద తేలింది. ఎనిమిది: పాయింట్లు ముప్పై ఒకటి, రీబౌండ్లు పద్నాలుగు. మూడు: పాయింట్లు ఆరు, ఫౌళ్ళు నాలుగు, రీబౌండ్లు నాలుగు.

బజర్ మోగాక ఇరవై నిమిషాలు గడువు. ఆలోగా కళ్ళు ఒక సంతకం, వేళ్ళు ఒక సంతకం పెడితే షీటు మూసేస్తారు. ఒకసారి మూసిన షీటుని ఆ పైవాడు కూడా తెరవలేడు. బల్లకి పెద్ద టీచరమ్మ. ముప్పై ఏళ్ళు బడిలో ఆటలు నేర్పించి రిటైరైన మనిషి, మెడలో ఇప్పటికీ ఈల వేలాడుతుంది. ఆవిడ షీటు ప్రింటు తీసి ఇద్దరి ముందూ పెట్టి, కాఫీకి వెళ్ళింది.

పెదనాన్న పెన్ను తీశాడు. "ఎక్కడే?" అన్నాడు.

ఆమె చెప్పలేదు.

"సంతకం ఎక్కడంటే చెప్పవేం?"

"ఆట తీసిన టేపు అడుగు పెదనాన్నా. నేను అడిగితే చెల్లదు, చెప్పిన మనిషే అడగాలట. టేపు చూస్తే అన్నీ తేలతాయి."

"టేపు అడిగితే ఎందుకని అడుగుతారు."

"అడిగితే చెప్పు."

"ఇరవై రెండేళ్ళే! ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి టేపు అడిగారా నన్ను? కళ్ళు చెప్పాడంటే చెప్పాడే. ఊళ్ళో నాకున్న పేరు అదొక్కటే. ఇప్పుడు గుడ్డివాడని బోర్డు కట్టుకుని బయటికి నడవమంటావా?"

"వాడు నడుస్తున్నాడుగా, పట్టలేనివాడని బోర్డు కట్టుకుని."

"వాడు నాకేమవుతాడు?"

"ఏమీ అవడు" అంది. "అందుకేగా ఇంత తేలిగ్గా వేసేశావు."

పెదనాన్న మొహం తిప్పుకున్నాడు. గోడ గడియారంలో పన్నెండు నిమిషాలు మిగిలాయి. కోర్టులో జెండాలు ఊపుకుంటూ జనం బయటికి పోతున్నారు. అవతల బెంచి చివర మూడు కూర్చుని పళ్ళతో పట్టీలు విప్పుకుంటున్నాడు. ఇంటికి పోవడానికి తొందరేమీ లేనివాడిలా విప్పుకుంటున్నాడు.

ఆమెకి ఒళ్ళు మండింది. మండితే ఆమె ఎప్పుడూ అరవదు. కీబోర్డు దగ్గరికి లాక్కుంది.

"సరే. సంతకాలు పడకముందు దిద్దుకోవచ్చు. నేనే దిద్దేస్తాను. ఎనిమిదిలోంచి అయిదు తీసి మూడులో వేస్తే తొమ్మిది. అయిపోయింది."

"అయిదు చూశావా?"

"నాలుగు చూశాను."

"మరి అయిదోది?"

"ఉండే ఉంటుంది. మొదటి క్వార్టర్లో నేను చూడలేదు కానీ, నువ్వు ఎన్ని తప్పులు చెప్పావో లెక్కేస్తే నూటికి తొంభై…"

"చూడంది వేస్తావా?" పెదనాన్న బల్ల మీద అరచేత్తో కొట్టాడు. నీళ్ళ సీసా దొర్లింది. "సిగ్గు లేదూ? నేను నేర్పింది ఇదేనా? చూడందాన్ని చూసినట్టు వేసేదానివి ఈ బల్ల దగ్గర ఎందుకు, పోయి…"

అక్కడ ఆగిపోయాడు.

ఆమె కీబోర్డు మీంచి వేళ్ళు తీసి ఒళ్ళో పెట్టుకుంది. సీసా దొర్లి దొర్లి బల్ల చివరికెళ్ళి కింద పడింది. ఎవరూ తీయలేదు.

తొమ్మిది నిమిషాలు మిగిలాయి.

"టీచరమ్మా!" అని కేకేశాడు పెదనాన్న. ఆవిడ వెళ్ళింది కుడివైపు, కేకేసింది ఎడమవైపుకి. "టీచరమ్మా, టేపు పెట్టించండి. ఎనిమిదో నంబరుకి వేసిన రీబౌండ్లన్నీ చూడాలి."

టీచరమ్మ కాఫీ కప్పుతో వచ్చింది. "ఎందుకూ?"

"నాకు కనబడలేదు."

"ఏది కనబడలేదు?"

"ఏదీ."

టీచరమ్మ ఆయన మొహం వంక, తప్పు పెట్టుకున్న గుండీల వంక చూసింది. కాఫీ ఒక గుక్క తాగింది. "ఆ రూలు మీరే పెట్టించారు" అంది.

"ఎవడు పెట్టించాడో నాకు తెలుసమ్మా. పొరలు కంటికే, బుర్రకి కాదు. టేపు పెట్టించండి, టైమైపోతోంది."

పక్క గదిలో టేపు మిషను. ముగ్గురూ వెళ్ళారు. పెదనాన్న అలవాటుగా తెర ముందు కుర్చీలో కూర్చున్నాడు. ముక్కు తెరకి ఆనించి చూశాడు. వెనక్కి జరిగాడు. లేచాడు.

"నువ్వు చెప్పు, నేను కొడతాను" అన్నాడు.

కీబోర్డు ఆయనకి ఇచ్చారు. ఆమెకి టైపు ముక్కలు నేర్పింది బళ్ళో అయినా ఈ మిషను నేర్పింది ఆయనే, మీటలు వేలికి తెలుసు. ఒక్క వేలితో, కోడి గింజలు ఏరుకున్నట్టు కొట్టాడు. ఆమె తెర ముందు కూర్చుంది. మొదట మాట గొణుగుడుగానే వచ్చింది. పదకొండేళ్ళు వింటే మాట్లాడటం మర్చిపోతారు కాబోలు.

"మొదటిది… ఎనిమిదే."

"నసగకు. గట్టిగా."

"ఎనిమిది. రెండోది మూడు. మూడోది ఎనిమిది. నాలుగోది ఎనిమిది. అయిదోది మూడు."

మొదటి క్వార్టర్లోనే రెండు. నాలుగు కాస్తా ఆరైంది. రెండో క్వార్టర్లో పెదనాన్న గుడ్డిగా అన్న మూడు మూడే. ఆమె గీసిన గీతా నిజమే, ఏడు. మూడో క్వార్టర్లో మొదటి గీత నిజమే, ఎనిమిది.

రెండో గీత దగ్గర ఆమె ఆగింది. టీచరమ్మ వెనక్కి తిప్పింది. మళ్ళీ చూశారు. మూడు ఎగిరాడు, వేళ్ళకి బంతి తగిలింది కూడా. కానీ పట్టుకుంది ఎనిమిదే.

"చెప్పవేం?" అన్నాడు పెదనాన్న.

గదిలో మిషను గుర్రుమంటోంది. బస్ టికెట్ ఆమె గుప్పిట్లో నలిగింది. ఆ గీత గీసినప్పుడు మూడే పట్టాడని ఒట్టేసి చెప్పేది. పట్టాలని కోరుకున్నదే కన్ను చూసింది.

"ఎనిమిది" అంది.

పెదనాన్న మీట మీంచి వేలు తీసి, తరవాతిది చూపించమన్నాడు. తిడితే బాగుండేది.

ఇంకా అయిదు చూశారు. అయిదూ హీరోవే, న్యాయంగా పట్టినవి. హీరో ఏమీ చేతగానివాడు కాదు, ఆ మాట కూడా రాయాలి. ఇక మిగిలింది ఒక్కటి, ఆఖరిది. మూడు నిమిషాలున్నాయి.

తెర మీద కుప్ప. నాలుగు వీపులు, లెక్కలేనన్ని కాళ్ళు. నంబర్లు కనబడటం లేదు.

"ఇది తేలదు" అంది టీచరమ్మ. "తేలకపోతే ముందు రాసిందే ఉంటుంది."

"ఆపండి. కొంచెం వెనక్కి. అక్కడ." ఆమె తెర మీద వేలు పెట్టింది. కుప్ప కింద నుంచి బంతిని తోస్తున్న చెయ్యి. "వేళ్ళకి పట్టీలున్నాయి. నాలుగింటికీ. హీరోకి పట్టీల్లేవు, వాడు పక్కన నిలబడి చేతులు చాపుతున్నాడు చూడండి."

టీచరమ్మ కళ్ళజోడు పైకి నెట్టి, కిందికి లాగి, మళ్ళీ పైకి నెట్టి చూసింది. "చెప్పు" అంది.

"మూడు, రీబౌండ్" అంది ఆమె. హాల్లో అయితే ఆఖరి వరుసకి వినబడేది. రింగులో పడ్డ బంతిని అందించినందుకు ఇంకొకటి. "మూడు, అసిస్ట్."

పెదనాన్న వేలు రెండుసార్లు మీట మీద పడింది. ఎనిమిదికి తొమ్మిది, మూడుకి తొమ్మిది.

ప్రింటు తీశారు. పెదనాన్న కాగితం మీద వేలితో తడిమాడు. "నీది ఎక్కడ పడుతుందే సంతకం?"

"కింద గడి."

కింద గడిలో సంతకం పెట్టాడు.

"అది వేళ్ళ గడి" అంది టీచరమ్మ.

"కొట్టింది నేనేగా" అన్నాడు. "చూసింది అది. పై గడి దానికివ్వండి."

ఆమె పై గడిలో పెట్టింది. టీచరమ్మ ముద్ర కొట్టింది. నిమిషం పైన కొన్ని సెకన్లు మిగిలాయి.

"వెనకటి ఆటల సంగతి?" అని అడిగింది ఆమె. "చొక్కాలు మారాక పదిహేడు ఆటలయ్యాయి."

"మూసేసినవి మూసేసినట్టే" అంది టీచరమ్మ. పెదనాన్న వైపు తిరిగి, గొంతు ఏమాత్రం మార్చకుండా, "మీ కుర్చీ కూడా. తెలుసుగా."

"తెలుసమ్మా."

"సోమవారం ఆస్పత్రికి ఎలా వెళతారు?"

"బస్సులో."

"మీరు బస్సు ఎక్కకండి, ఇంకేదో ఎక్కుతారు. నేను కారు తెస్తాను."

బల్ల దగ్గర మేనేజరు కాచుకుని ఉన్నాడు. షీటు అందుకున్నాడు. వేలు పెట్టుకుని ఒక్కో వరుసా చదివాడు. హీరోకి తొమ్మిదేనా అని మొహం చిట్లించాడు. కిందికి వచ్చాడు, ఆగాడు. జేబులోంచి లెక్కల మిషను తీసి నొక్కాడు. నూట నలభై, భాగించు ఇరవై ఎనిమిది. అయిదు. మళ్ళీ నొక్కాడు. అయిదే.

"ఈ మూడో నంబరు ఇవాళ బాగా ఆడాడే!" అన్నాడు, మొదటి వరుసలో కూర్చుని ఆటంతా చూసిన మనిషి.

మూడు సంచి భుజాన వేసుకుని బల్ల పక్క నుంచి పోతున్నాడు. మేనేజరు షీటు ఊపాడు. "చొక్కా ఉందోయ్ నీకు!"

"పట్టానని చెప్పాను కదండీ" అన్నాడు మూడు.

"ఇప్పుడు షీట్లో ఉందిగా" అన్నాడు మేనేజరు, ఇంకేం కావాలన్నట్టు, వెళ్ళిపోయాడు.

మూడు ఆమె వంక చూశాడు. అంకెకి మొహం ఉండటం ఆమెకి ఇంకా అలవాటు కాలేదు.

"ఎవరే అక్కడ?" అన్నాడు పెదనాన్న.

"మూడు, పెదనాన్నా."

పెదనాన్న లేచాడు. తప్పుగా పెట్టుకున్న గుండీల చొక్కా కిందికి లాక్కున్నాడు. రెండడుగులు వేసి నిలబడి, చేతులు జోడించాడు.

"తప్పయిపోయింది నాయనా" అన్నాడు, బంతులు పెట్టే ఇనప స్టాండుతో. "నాకు కనబడలేదు. కనబడలేదని చెప్పకపోవడం ఇంకా పెద్ద తప్పు. ఎన్ని పట్టావో ఏమో, పదిహేడు ఆటల్లో."

ఆమె నోరు తెరవబోయింది. మూడు చెయ్యి ఎత్తి వద్దన్నాడు. సంచి కింద పెట్టి, చప్పుడు కాకుండా నడిచి వెళ్ళి, ఆ స్టాండు పక్కన నిలబడ్డాడు.

"పర్లేదండీ" అన్నాడు.